మానేశాం సరే, మొదలుపెట్టిందేమిటి?

ఏ సంఘంలోనైనా సరే, ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే ఏం వినబోతామో ముందే చెప్పేయొచ్చు. "ఒకప్పుడు తాగేవాణ్ణి, మానేశాను. బీడీలు కాల్చేవాణ్ణి, మానేశాను. సినిమాల పిచ్చి ఉండేది, అదీ మానేశాను. ప్రభువు నన్ను మార్చాడు, అందరికీ వందనాలు." చప్పట్లు, హల్లెలూయలు, తర్వాతి సాక్ష్యం. ఆయన మానేసినవాటి మీద నాకు పేచీ లేదు. తాగుడు మానేసిన ఇంట్లో సాయంత్రాలు ఎలా మారిపోతాయో ఆ ఇంటి ఆడవాళ్ళని అడిగితే చెబుతారు. నా చిరాకల్లా ఆ సాక్ష్యం ఎప్పుడూ అక్కడే ఆగిపోతుందని. ఎప్పుడో పెళ్ళికాని రోజుల్లో మానేసిన చుట్ట గురించి మనవలు పుట్టాక కూడా సాక్ష్యం చెప్పే పెద్దమనిషి, ఆ చుట్టలకి పోయే డబ్బు ఇప్పుడు ఎటు పోతోందో చెప్పడు. మనమూ అడగం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇదే సంగతి ఇంకో వేషంలో కనిపిస్తుంది. అర్ధరాత్రి దాటాక పళ్లెంలో వాగ్దాన కార్డులు వస్తాయి. గులాబీల బొమ్మో, కొండల మధ్య సూర్యోదయమో, దాని మీద ఒక వచనం, అడుగున సంఘం పేరూ పాస్టరుగారి ఫోను నంబరూ. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటాం, ఏడాదంతా బైబిల్లో పెట్టుకుంటాం. ఆశీర్వదిస్తాననే వచనాలూ, హెచ్చిస్తాననే వచనాలూ, శత్రువులు పారిపోతారనే వచనాలూ ఎన్నయినా వస్తాయి. దొంగతనం చేసేవాడు ఇక అది మాని చేతులతో కష్టపడాలన్న వచనం ఎవరికైనా వచ్చిందా? పళ్లెంలో వేస్తే కదా రావడానికి!

ఆ వచనం ఎఫెసీయులకు రాసిన పత్రికలో, నాలుగో అధ్యాయంలో ఉంది. పాత స్వభావాన్ని విప్పేసి కొత్త స్వభావాన్ని తొడుక్కోమని పౌలు చెప్పే చోటు అది. విప్పడం ఒక్కటే చెప్పి ఊరుకుని ఉంటే విశ్వాసి వీధిలో ఎలా నిలబడేవాడో ఆలోచించండి. పౌలు అలా ఊరుకోలేదు, వరసగా ఉదాహరణలు ఇచ్చాడు. అబద్ధం మానితే చాలదు, పొరుగువాడితో నిజం మాట్లాడాలి. చెడ్డమాట మానితే చాలదు, వినేవాడికి పనికొచ్చే మాట రావాలి. అన్నిటికన్నా దొంగకి చెప్పింది బాగా చూడాలి. దొంగకి మూడు మెట్లు పెట్టాడు. దొంగతనం మానాలి. తన చేతులతో కష్టపడి పనిచేయాలి. ఆ సంపాదనలోంచి అక్కరలో ఉన్నవాడికి ఇవ్వాలి. మొదటి మెట్టు దగ్గర ఆగినవాడు పనీపాటా లేని దొంగ, అంతకుమించి ఏమీ కాడు. రెండో మెట్టు దగ్గర ఆగినవాడు మర్యాదస్థుడు, అలాంటివాళ్ళు ఏ మతంలోనైనా దొరుకుతారు. మూడో మెట్టు ఎక్కినవాడు నిన్నటిదాకా ఏ వీధిలో గోడలు దూకాడో ఆ వీధికే ఇవాళ పెట్టే చెయ్యి అయ్యాడు. పత్రిక మాట్లాడుతున్నది వాడి గురించి. నేను చెప్పదలచిందీ ఇంతే. పాత అలవాటు పోయిందనడానికి రుజువు కావాలంటే దాని చోట్లోకి ఏం వచ్చిందో, దానివల్ల ఎవరు బాగుపడ్డారో చూపించాలి. మన సాక్ష్యాలు మొదటి మెట్టు మీదే కూర్చుని చప్పట్లు కొట్టించుకుంటున్నాయి.

ఇది పౌలు ఒక్కడి పట్టుదలేమీ కాదు. అపవిత్రాత్మ వదిలిపోయిన మనిషి గురించి యేసు చెప్పిన మాట గుర్తు చేసుకోండి. వదిలిపోయింది తిరిగొచ్చి చూస్తే ఇల్లు ఊడ్చి, చక్కగా అమర్చి ఉంది, కానీ ఎవరూ లేరు. అప్పుడది తనకన్నా చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకొచ్చి కాపురం పెట్టింది. ఆ ఇంట్లో మురికి లేదు. ఖాళీగా ఉండటమే దాని తప్పు. యెరికోలో సుంకరుల పెద్ద జక్కయ్యని చూడండి. ఇకనుంచి ఎక్కువ వసూలు చేయనని మొదటి మెట్టు మాట చెప్పి ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన నిలబడి అంకెలు చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగింతలు పోగొట్టుకున్నవాడికి. తప్పు ఒప్పుకున్నవాణ్ణి ధర్మశాస్త్రం అడిగేది అసలూ, దానిమీద అయిదో వంతూ మాత్రమే. ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట లూకా సువార్తలో ఈ లెక్క తర్వాతే వినబడుతుంది. ఇక ఎఫెసు. అక్కడ మంత్రవిద్యలు నడిపినవాళ్ళు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చేశారనీ, వాటి వెల 50,000 వెండి నాణేలనీ అపొస్తలుల కార్యాలు చెబుతుంది. ఆ రోజుల్లో ఒక వెండి నాణెం అంటే కూలివాడికి ఇంచుమించు ఒక రోజు కూలి. అమ్ముకుని ఉంటే బోలెడు డబ్బు వచ్చేది, ఆ విద్య ఇంకొకడి చేతికి పోయేది, అందుకే అమ్మలేదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ పుస్తకాలు తెచ్చినవాళ్ళు నిన్న మొన్న కూటానికి వచ్చిన కొత్తవాళ్ళని గ్రంథం చెప్పడం లేదు, అప్పటికే విశ్వసించినవాళ్ళు వచ్చి తమ పనులు ఒప్పుకున్నారంటోంది. పౌలు రెండేళ్ళకు పైగా బోధించిన ఊళ్ళో, విశ్వాసుల అటకల మీద అన్నాళ్ళూ మంత్రాల పుస్తకాలు ఉన్నాయన్నమాట. మన అటకల మీద ఏమున్నాయన్న ప్రశ్న అక్కణ్ణుంచే మొదలవుతుంది.

మానడం ఒక్కటే ఎందుకు చాలదంటే, అలవాటు మనసులో కన్నా ఎక్కువగా గడియారంలోనూ దారిలోనూ ఉంటుంది. సాయంత్రం ఆరు, పని దిగి వచ్చే తోవ, అదే మలుపు, అదే దుకాణం, అదే నలుగురు స్నేహితులు. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు కూడా ఆరు గంటలు కొడుతుంది. ఆ ఆరు గంటలకి ఎటు వెళ్ళాలో సంఘం చూపించకపోతే కాళ్ళు తమకి తెలిసిన తోవే పడతాయి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో ఒక అధ్యయనం చేసి 2009లో ప్రకటించింది. రోజూ ఒకే సందర్భంలో ఒక కొత్త పని చేస్తూపోతే అది అప్రయత్నంగా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందనీ, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉందనీ, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కొంపేమీ మునగదనీ తేల్చారు. మన సంఘాలు ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టి, ఇరవై రెండో రోజున అందరూ మారిపోయారని ప్రకటిస్తాయి. దానియేలు మూడు వారాలు ఉపవాసం ఉన్నది దుఃఖంతో దేవుణ్ణి వెతకడానికి, అలవాట్లకి గడువు పెట్టడానికి కాదు. మానిపించడం వేరు, నింపడం వేరని మన రాష్ట్రమే ఒకసారి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఖజానా సాక్షిగా అది సడలిపోయింది. ఆ తల్లుల పోరాటం గొప్పదే. కానీ చట్టం దుకాణాన్ని మూయించగలదే తప్ప సాయంత్రాన్ని నింపలేదు. దుకాణం మళ్ళీ తెరిచేసరికి గిరాకీ వాకిట్లోనే ఉంది. ఐగుప్తు దాటొచ్చిన ఇశ్రాయేలీయులూ ఇంతే. బయటపడి రెండేళ్ళయినా కాకముందే చేపలూ, దోసకాయలూ, ఉల్లిపాయలూ, తెల్లగడ్డలూ తలుచుకుని ఏడ్చారు. ఆ తెల్లగడ్డల పక్కనే ఉన్న ఇటుకల బట్టీ మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఖాళీ ఇల్లు ఎంతకాలం మనల్ని మోసం చేయగలదో జాన్ న్యూటన్ జీవితం చూపిస్తుంది. ఆయన పేరు తెలియనివాళ్ళకి కూడా ‘అమేజింగ్ గ్రేస్’ పాట తెలుసు. 1748 మార్చిలో అట్లాంటిక్ మీద తుఫానులో ఓడ మునగబోతుంటే దేవుణ్ణి తలుచుకున్నాననీ, తన మార్పు అక్కడే మొదలైందనీ ఆయనే రాసుకున్నాడు. నావికుల్లోనే పేరుమోసిన బూతుల నోరు ఆయనది. అది వెంటనే కట్టుబడింది. మన సంఘమైతే ఆ ఆదివారమే మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పించేది. కానీ ఆ శుభ్రమైన నోటితోనే 1750 నుంచి 1754 దాకా బానిసల ఓడలకి కెప్టెనుగా మూడు ప్రయాణాలు చేశాడు. పైన నావికులకి ఆదివారం ప్రార్థన చదివి వినిపించేవాడు, కింద ఆఫ్రికా మనుషులు గొలుసుల్లో పడి ఉండేవారు. 1754లో ఓడ దిగడానికి కారణం కూడా జబ్బు చేయడమే, మనసు మారడం కాదు. 1764లో గురువుగా అభిషేకం పొందాడు, 1772 చివర్లో ఆ పాట రాశాడు, బానిస వ్యాపారం మీద తనకి తెలిసినదంతా అచ్చు వేయించింది మాత్రం 1788లో. తుఫానుకీ ఆ చిన్న పుస్తకానికీ మధ్య నలభై ఏళ్ళు. ఎందుకంత ఆలస్యం? బూతులు తప్పని ఓడలో వంటవాడికి కూడా తెలుసు. బానిస వ్యాపారం తప్పని ఆయన ఎరిగిన మర్యాదస్థుల్లో ఆ రోజుల్లో దాదాపు ఎవరూ అనుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తప్పు అనేవాటిని మనం ముందు మానేస్తాం. చుట్టూ ఉన్నవాళ్ళంతా చేసేది మాత్రం మనకి అలవాటుగానే కనబడదు. న్యూటన్ గొప్పతనమేమిటంటే, చివరికి ఆ మూడో మెట్టు ఎక్కాడు. తన సిగ్గునే సాక్ష్యంగా పెట్టి అధికారుల ముందు నిలబడ్డాడు, బానిస వ్యాపారం మీద పార్లమెంటులో పోరాడుతున్న విల్బర్‌ఫోర్సుకి వెన్నుదన్నయ్యాడు, 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చాక అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశాడు.

మన నేల మీద ఇందుకు ఎదురు ఉదాహరణ ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ పని మొదలుపెట్టిన తొలిరోజుల్లో ఎక్కువగా వచ్చినవాళ్ళు మాదిగలు. వాళ్ళకి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. పైకి చూస్తే ఇదీ మానేసేవాటి జాబితాలాగే ఉంటుంది. కానీ ఆ మూడూ ఆనాటి పల్లె పునాదిని తాకాయి. చచ్చిన గొడ్డు తినడం వాళ్ళ పాపం కాదు, తోలుపనికీ వెట్టికీ ఊరు వాళ్ళకి విదిలించిన కూలిలో అదొక భాగం. దాన్ని వద్దనడమంటే ఆ ఒప్పందాన్నే వద్దనడం. ఊరి దేవతల పండగకి డప్పు కొట్టమన్నా, ఆదివారం చాకిరీకి రామన్నా పెద్దకులాలకీ కరణం మునసబులకీ కోపం రావడంలో వింత లేదు. ఆ ఖాళీల్లోకి ఏమేం వచ్చాయో చూడండి. చాకిరీ చేసే ఆదివారం చోట్లోకి ఆరాధన వచ్చింది. డప్పు మోయించుకున్న భుజాల పక్కకి పలకా బలపం వచ్చాయి. మాదిగ పల్లెలకి బోధకులూ, బడిపంతుళ్ళూ వాళ్ళలోంచే తయారయ్యారు. ఆ పని మొదట భుజాన వేసుకున్న యర్రగుంట్ల పేరయ్య, యోగి నాసరయ్య బోధ విని క్రీస్తు పేరు వినకముందే విగ్రహపూజ మీద మనసు విరిగినవాడు. అంటే మానడం ఆయనకి అప్పటికే అయిపోయింది, వెతుకులాట అయిపోలేదు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ సహాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం జరిగింది. ఆ అంకె మనందరికీ కంఠతా వచ్చు. ఆ మూడు నియమాల ఖరీదు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇంతదూరం వచ్చాక ఒక ఆక్షేపణ తప్పదు. రక్షణ కృపవల్ల కదా, క్రియలవల్ల కాదు కదా, ఈ లెక్కలూ మెట్లూ ఏమిటి, ఇది మళ్ళీ ధర్మశాస్త్రం కిందికి వెళ్ళడం కాదా అని. బలమైన ఆక్షేపణే. కానీ దాన్ని వాడేది ఎప్పుడో గమనించండి. బీడీ మానమని చెప్పేటప్పుడు ఎవరికీ కృప గుర్తు రాదు. కట్నం వద్దన్నప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తుంది. నిజానికి లెక్క మొదలుపెట్టింది మానేసినవాటి జాబితాయే. ఎన్ని మానితే అంత భక్తి అనే కొలబద్ద దానిదే. క్రియలవల్ల కాదని చెప్పిన ఎఫెసీ పత్రికే ఆ మాట వెనకే మంచిపనులు చేయడానికి మనల్ని సృష్టించాడని కూడా చెబుతుంది. దొంగ మూడో మెట్టు ఎక్కి రక్షణ కొనుక్కోవడం లేదు, అది తనకి వచ్చిందని ఆ మెట్టు మీద నిలబడి చూపిస్తున్నాడు. ఎదుగుదల అనేమాటకి ఇంకో అర్థం నాకు తోచదు. అగస్టీను మహాశయుడు మిలానులో మారుమనస్సు పొందింది 386లో, అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆయనకి అంతా తెలుసు. వక్రించిన ఇష్టం కోరికగా, కోరిక అలవాటుగా, ఎదిరించని అలవాటు తప్పనిసరిగా మారిపోతుందని తన ‘కన్ఫెషన్స్’లో ఒక్కొక్క కొక్కేన్నీ విప్పి చూపించాడు. అలవాటు ఇంత గట్టిదని తెలిసినవాడే కృప గురించి అంత గట్టిగా రాయగలిగాడు.

రెండో ఆక్షేపణ ఇంకో వైపు నుంచి వస్తుంది. పాతవన్నీ గతించాయి గనక పాతదేదైనా వదిలేయాల్సిందేనని. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఒప్పుకోకపోవడానికి కారణం అడిగితే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఏ పేజీ అయినా తెరిచి చూపిస్తాను. పాట సంఖ్య, దాని కింద రాగం పేరు, తాళం పేరు, తర్వాత పల్లవి, ఆ తర్వాత వరసగా చరణాలు. మోహన, ముఖారి, ఆనందభైరవి, శంకరాభరణం. ఆది, చాపు, త్రిపుట. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు వైష్ణవం వదిలారు, కులం వదిలారు, తనవాళ్ళకి దూరమయ్యారు. రాగాన్ని వదల్లేదు. వదలాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు, ఎందుకంటే రాగం ఎవరి ఆస్తీ కాదని ఆయనకి తెలుసు. ముఖారిలో పశ్చాత్తాపం పాడితే తెలుగువాడికి గొంతు ఎందుకు పూడుకుంటుందో ఏ మిషనరీ చెప్పనక్కర్లేదు. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కిరసనాయిలు దీపం ముందు కూర్చున్న అక్షరం రాని ముసలమ్మలు ఆ కీర్తనలు వంద పల్లవులదాకా చూడకుండా పాడేవారు. వాళ్ళకి వేదాంతం ఆ చరణాల్లోంచే వచ్చింది. దోర్నకల్లు కథెడ్రలు చూడండి. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్యగారి హయాంలో లేచిన గుడి అది. 1939లో ప్రతిష్ఠ జరిగింది. అందులో దక్షిణాది గుళ్ళ స్తంభాలూ ఉన్నాయి, మసీదుల గుమ్మటాలూ ఉన్నాయి. వదలాల్సింది ఏదో, వాడుకోవాల్సింది ఏదో తెలిసిన మనిషి ఆయన.

ఆ వివేకం ఇప్పుడు ఏమైంది? రాగమూ తాళమూ తీసేశాం, కీబోర్డూ ప్యాడూ పెట్టాం. పాట మొదలయ్యేముందు ఒక నిమిషం మంచు కురుస్తున్నట్టు, ఉరుములు ఉరుముతున్నట్టు శబ్దాలు. పల్లవి పదహారుసార్లు, చరణం ఒకటో రెండో. వీధి చివర దాకా సౌండు బాక్సులు. కీర్తనల పుస్తకం పట్టుకున్న పెద్దావిడకి పాట సంఖ్య చెప్పేవాడు లేడు, ఎందుకంటే సంఖ్య లేదు, గోడ మీద తెర ఉంది, తెర మీద అక్షరాలు ఆవిడకి ఆనవు. ముఖారి పాత అలవాటుట, ఇంకో దేశపు సంగీత కచేరీల వరసలు మాత్రం ఆత్మ నడిపింపుట. యువత రావాలి కదా అంటారు. యువత ఈ దేశంలో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు, నేర్పేవాళ్ళకి ఫీజులు కట్టి మరీ నేర్చుకుంటున్నారు. మన పిల్లలకి మాత్రం మన పుస్తకంలో అచ్చయి ఉన్న రాగం పేరు చదివి దాన్ని ఎలా ఎత్తుకోవాలో చెప్పే మనిషి సంఘంలో లేడు. హార్మోనియం పెట్టె ఒకటి వేదిక వెనక గదిలో కుర్చీల కింద ఉంటుంది, దాని బెల్లోసు చిరిగి ఎన్నాళ్ళయిందో కమిటీలో ఎవరికీ తెలియదు. పాటల సంగతి ఎత్తితే నాకు అంతూపొంతూ ఉండదు గనక ఇక్కడ ఆపుతాను. చెప్పొచ్చేదేమిటంటే, ఎవరికీ హాని చేయని పాతవాటిని ఇంత చులాగ్గా వదిలేసిన మనం, హాని చేసే పాతదాన్ని మాత్రం తరతరాలుగా పదిలంగా దాచుకున్నాం.

అదే కులం. మన బానిస ఓడ అదే. ఆదివారం పత్రికలో పెళ్ళి ప్రకటనల పేజీ తెరిచి చూడండి. వధువు కావలెను, క్రైస్తవ కుటుంబం, దైవభక్తి గల, ఉద్యోగం చేస్తున్న. వెనకే ఒక గీత గీసి కులం పేరు. పెద్దకులం నుంచి వచ్చినవాళ్ళు తమ కులం పక్కన క్రైస్తవం పెట్టుకుంటారు, మాలలూ మాదిగలూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, సంబంధాల దగ్గర విడిపోతారు. క్రీస్తులో యూదుడనీ గ్రీసువాడనీ, దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదన్న గలతీ పత్రికలోనే, దానికి ఒక అధ్యాయం ముందు, పేతురు కథ ఉంది. పేతురు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి తనవాళ్ళు వచ్చేసరికి ఆ బంతిలోంచి లేచిపోయాడు. పౌలు అందరిముందూ ఆయన్ని నిలదీశాడు. పెంతెకొస్తు నాడు మూడువేలమందికి బాప్తిస్మం ఇప్పించినవాడు, దర్శనం చూసి అన్యజనుడైన కొర్నేలీ ఇంటి గడప తొక్కినవాడు పేతురు. ఆయనకే పాత అలవాటు తిరిగొచ్చింది. అది ఒంటరిగా ఉన్నప్పుడు కాకుండా తనవాళ్ళ కళ్ళు తన మీద పడ్డప్పుడు వచ్చిందనేది గమనించాలి. కులం ఇప్పటికీ అలాగే వస్తుంది. ఆరాధనలో ఎవరికీ గుర్తుండదు, పెళ్ళిచూపులకి పెదనాన్నలూ మేనమామలూ దిగేసరికి గుర్తొస్తుంది. భారతదేశానికి తొలి దళిత కార్డినల్ మన హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీగారు. ఆ గౌరవం వచ్చింది 2022లో. సంతోషించాల్సిన సంగతే, ఇన్ని శతాబ్దాలు ఎందుకు పట్టిందని సిగ్గుపడాల్సిన సంగతి కూడా.

కులాన్ని మేం వదిలినా ప్రభుత్వం వదలనివ్వదు కదా అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చింది, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులకి బీసీ-సి కింద 1 శాతం ఉంది. మతం మారినంత మాత్రాన ఊరి చివర ఇల్లు ఊరి నడుమకి రాదు గనక, ఈ అన్యాయం మీద పోరాడేవాళ్ళ పక్కన సంఘాలన్నీ నిలబడాల్సిందే. సర్టిఫికెట్టు మీద కులం పేరు అడిగేవాడు న్యాయం అడుగుతున్నాడు, పెళ్ళి ప్రకటనలో కులం పేరు వేసేవాడు గోడ కడుతున్నాడు. ఈ రెంటినీ కలిపేయకండి. క్రైస్తవంలో కులం లేదని కాగితం మీద ప్రభుత్వం నమ్మింది, మనమే ఇంకా నమ్మలేదు. సమాజం మారితే మేమూ మారతామనేవాళ్ళకి జవాబు ఒంగోలు మాదిగలు ఎప్పుడో ఇచ్చారు. ఊరు మారాక వాళ్ళు డప్పు దించలేదు, దించాకే ఊరు కొద్దికొద్దిగా దారికొచ్చింది. ఇక ఇలాంటి అలవాట్లు మనకి ఎవరు చెప్పాలంటే, మనవాళ్ళు చెప్పరు. అగస్టీను తన తల్లి మోనికా గురించి ఒక సంగతి రాశాడు. చిన్నప్పుడు పీపాలోంచి ద్రాక్షారసం తెమ్మని పంపితే ఆమె ఒక్క చుక్క నాలికకి రాసుకునేదట. రోజుకో చుక్క పెరిగి చివరికి గిన్నెలే ఖాళీ అయ్యాయి. తల్లిదండ్రులకి తెలియదు. ఒకరోజు కూడా వెళ్ళే పనిపిల్ల దెబ్బలాటలో కోపంకొద్దీ తాగుబోతు అనేసింది. ఆ మాట తగిలింది, అలవాటు ఆ రోజుతో పోయింది. మన సంఘాల్లో కులం గురించి బయటివాళ్ళు ఎగతాళి చేస్తే శ్రమలు వచ్చాయని ఉపవాస ప్రార్థన పెట్టుకుంటాం. ముందు ఆ మాట నిజమా కాదా చూసుకోవాలి.

నింపడం పెద్ద పనేమీ కాదు, మనకి తెలియనిదీ కాదు. తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అనే ఆచారం ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది, వారం చివర ఆ డబ్బా గుడికి వస్తుంది. రోజూ అదే సమయం, అదే పొయ్యి, అదే చెయ్యి, ఇంకొకరి ఆకలి. ఉపన్యాసం లేకుండా అలవాటు ఎలా నాటుకుంటుందో ఆ ఆడవాళ్ళు శాస్త్రవేత్తలకన్నా ముందే కనిపెట్టారు. తాగుడు మానేసినవాడి సాయంత్రానికీ, చుట్ట మానేసినవాడి జేబుకీ, కులం మానేస్తానన్నవాడి ఇంట్లో పెళ్ళికీ అలాంటిదే ఒక పిడికెడు కావాలి. అందుకని ఒక మనవి. ఈసారి సాక్ష్యానికి లేచినప్పుడు మానేసినదాన్ని ఒక్క ముక్కలో ముగించి, దాని చోట్లో ఏం మొదలుపెట్టారో, ఎవరికి మేలు జరిగిందో చెప్పండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు కదా అంటారా? ఆ నియమం మానేసినవాటికీ వర్తిస్తుంది. చెబితే రెండూ చెప్పండి, లేదంటే రెండూ చెప్పకుండా కూర్చోండి.